రాయలు ఎవరివారు? – సామూహిక స్మృతి పరిశోధనకు ఒక పరిచయం

బెంగళూరుకు ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఒక కథ చెబుతారు. వీర బల్లాలుడనే హొయ్సళ రాజు వేటకు వెళ్ళి దారి తప్పాడు. ఆకలితో సొమ్మసిల్లిన రాజుకు ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టింది. కన్నడంలో ‘బెంద కాళు’ అంటే ఉడికిన గింజలు. ఆ ఊరు బెందకాళూరు అయింది. అదే వాడుకలో బెంగళూరు అయింది. కథ బాగానే ఉంది. అయితే నగరానికి దక్షిణాన బేగూరులో నాగేశ్వరాలయం దగ్గర దొరికిన ఒక వీరగల్లు శాసనం బెంగళూరు యుద్ధాన్ని పేర్కొంటున్నది. అది గంగరాజుల కాలపు శాసనం, సుమారు క్రీ.శ. 890 నాటిది. బల్లాలుడనే పేరుగల హొయ్సళ రాజులు 12వ శతాబ్దిలోను, ఆ తరవాతా ఉన్నవారు. అంటే రాజుకు గింజలు దొరకడానికి రెండు వందల ఏళ్ళకు పైగా ముందే ఊరికి ఆ పేరు ఉంది.

ఇటువంటి వాటిని భాషాశాస్త్రంలో జనవ్యుత్పత్తులు అంటాం. ఈ వ్యుత్పత్తి నిలవదని తేల్చడంతో భాషాశాస్త్రజ్ఞుడి పని పూర్తవుతుంది. మరొక పరిశోధకుడి పని అక్కడే మొదలవుతుంది. నిజం కాని కథ ఇన్నాళ్ళు ఎందుకు నిలిచింది? దాన్ని ఎవరు ఎవరికి చెబుతూ వచ్చారు? ఈ కథలో రాజు ఊరికి అన్నం పెట్టలేదు. ఊరే రాజుకు పెట్టింది. పెట్టింది కూడా పేరు లేని ఒక పేదరాలు. ఊరివాళ్ళు తమ ఊరి గురించి ఏమనుకోవాలని కోరుకున్నారో ఆ కథ చెబుతున్నది. ఆ దృష్టితో చూస్తే అదీ చరిత్రకు ఆధారమే. అయితే అది బల్లాలుడి కాలానికి కాదు, కథ చెప్పుకున్నవారి కాలానికి ఆధారం.

సామూహిక స్మృతి పరిశోధన అంటే స్థూలంగా ఇదే. గతంలో ఏం జరిగిందన్న ప్రశ్న చరిత్రకారుడిది. జరిగినదాన్ని ఒక సమాజం ఎలా గుర్తుపెట్టుకుంది, ఏది మరిచింది, ఆ గుర్తును ఎవరు ఏ పనికి వాడుకున్నారు అన్న ప్రశ్నలు స్మృతి పరిశోధకుడివి. ఈ రంగంలో డాక్టరేటు చేయదలచిన మన విద్యార్థులకు, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాలకు వెలుపల చదువుకుంటున్నవారికి, రంగం స్వరూపాన్ని ఒక ఉదాహరణతో పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్మృతికి చట్రాలు

ఈ రంగానికి పునాది వేసినవాడు ఫ్రెంచి సామాజికశాస్త్రజ్ఞుడు మారిస్ హాల్బ్‌వాక్స్. జ్ఞాపకం వ్యక్తి మనసులో పుట్టి వ్యక్తి మనసులోనే ఉండేది కాదని, సమాజం ఇచ్చిన చట్రాల్లోనే మనం దేన్నయినా గుర్తుచేసుకోగలమని ఆయన 1925లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆయన 1945లో బూకెన్‌వాల్డ్‌లోని నాజీల నిర్బంధ శిబిరంలో మరణించాడు.

చట్రం అనే మాటను మన అనుభవంలోంచి అర్థం చేసుకోవచ్చు. దివిసీమలో పెద్దవాళ్ళను ఒక మనిషి ఎప్పుడు పుట్టాడని అడిగితే ‘ఉప్పెనకు ముందు’ అనో ‘ఉప్పెన వచ్చిన మరుసటేడు’ అనో అంటారు. 1977 నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెన వారికి కాలాన్ని కొలిచే గీత అయింది. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పొలం అమ్మకాలు అన్నీ ఆ గీతకు ఇటో అటో జరిగినట్లే గుర్తుంటాయి. ఉప్పెనను చూడని పిల్లలు కూడా ఆ గీతతోనే తమ ఇంటి సంగతులు చెబుతారు. వ్యక్తి జ్ఞాపకాన్ని సమాజం అమర్చడం అంటే ఇదే.

తరవాతి కాలంలో జర్మన్ పండితుడు యాన్ అస్మన్ ఒక ఉపయోగకరమైన విభజన చేశాడు. నోటిమాటగా, తాతనుంచి మనవడికి అందే జ్ఞాపకం ఒకటి. దాని ఆయుష్షు ఎనభై నుంచి నూరేళ్ళు. ఆ గడువు దాటి నిలవాలంటే జ్ఞాపకం ఇంకొక రూపం ధరించాలి: పద్యం, పండగ, విగ్రహం, పాఠ్యపుస్తకం, ఊరి పేరు. ఇది రెండో రకం, సాంస్కృతిక స్మృతి. మొదటిదానికి తాతమ్మ చాలు. రెండోదానికి కవి, గుడి, బడి, ప్రభుత్వం కావాలి. విగ్రహానికి డబ్బు, స్థలం, అనుమతి కావాలి గదా! కాబట్టి రెండో రకం స్మృతిలోకి రాజకీయం తప్పనిసరిగా ప్రవేశిస్తుంది.

ఒక రాజు, రెండు జ్ఞాపకాలు

ఈ సిద్ధాంతాలను పరీక్షించుకోవడానికి బెంగళూరులోని తెలుగు విద్యార్థికి కృష్ణదేవరాయల కంటె మంచి ఉదాహరణ దొరకదు. మనం ఆయనను ఆంధ్రభోజుడుగా నేర్చుకున్నాం. పక్క బెంచీ మీది కన్నడ విద్యార్థి ఆయనను కన్నడ రాజ్యానికి రమారమణుడుగా నేర్చుకున్నాడు. వంశనామం తుళువ కాబట్టి తుళు మాట్లాడేవారు మా రాజే అంటారు. తెలుగువారికి రాయల రూపం అనగానే ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) లోని ఎన్.టి.రామారావు కళ్ళముందు మెదులుతాడు. కన్నడిగులకు ‘శ్రీకృష్ణదేవరాయ’ (1970) లోని రాజ్‌కుమార్ మెదులుతాడు. రెండు భాషల్లోనూ భాషాభిమానానికి ప్రతిరూపాలైన నటులే ఆ కిరీటం ధరించడం కాకతాళీయం అనుకోలేం. 2010 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం హంపీలో రాయల పట్టాభిషేక పంచశత వార్షికోత్సవం జరిపింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ ఆ సందర్భాన్ని తన ఉత్సవంగానే జరుపుకుంది.

ఇక ఆధారాల దగ్గరికి వద్దాం. హంపీ విరూపాక్షాలయంలోని రాయల పట్టాభిషేక కాలపు శాసనం సంస్కృతంలోను, కన్నడంలోను ఉంది. కళింగ దండయాత్ర సందర్భంలో సింహాచలంలో వేయించిన శాసనం తెలుగులో ఉంది. తమిళ దేశంలో ఆయన శాసనాలు తమిళంలో ఉన్నాయి. పెద్దన ఆయన ఆస్థానకవి. కుమారవ్యాసుడు మిగిల్చిన కన్నడ భారతాన్ని పూర్తిచేసిన తిమ్మణ్ణకవి కూడా ఆయన ఆశ్రితుడే. ఆయన 1529 అక్టోబరు 17న మరణించినట్లు తెలిపే కన్నడ శాసనం తుమకూరు దగ్గర హొన్నేనహళ్ళిలో ఉన్నట్లు 2021లో వెలుగులోకి వచ్చింది. ఏ ప్రాంతంలో ఆజ్ఞ అమలు కావాలో ఆ ప్రాంతపు భాషలో రాజు మాట్లాడాడు. ఆయన ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడని ఆ కాలపు వారెవరూ అడిగినట్లు కనిపించదు.

మనకున్న అతి పెద్ద సాక్ష్యం ఆముక్తమాల్యద అవతారిక. కృష్ణా తీరాన శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి, సంస్కృతంలో కావ్యాలు రాసిన నీకు తెలుగు అసాధ్యమా, తెలుగులో నా కథ రాయమంటాడు. దేశభాషల్లో తెలుగే మేలయినదని ఆయన చెప్పే పద్యం తెలుగు బడికి వెళ్ళిన ప్రతివారికీ కంఠస్థం. పాఠ్యపుస్తకాలలో, సభావేదికల మీద, గోడల మీద దాని చివరి పాదం కనిపిస్తుంది. ఇక్కడ పరిశోధకుడు రెండు సంగతులు గమనించాలి.

మొదటిది: ఆ చివరి పాదంలోని మాట రాయలకు సుమారు నూరేళ్ళ ముందే క్రీడాభిరామంలో ఉంది. కాని ఆ మాట అనగానే మనకు క్రీడాభిరామం గుర్తుకు రాదు. చిన్న పేరు మీద ఉన్న మంచి మాట పెద్ద పేరు మీదికి మారడం స్మృతి లక్షణం. అష్టదిగ్గజాల విషయంలోనూ ఇదే జరిగింది. ఆ ఎనిమిదిమంది ఎవరన్నదాంట్లో పండితులకు ఏకాభిప్రాయం లేదు. సంప్రదాయం ఆ జాబితాలో చేర్చిన రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది తరవాతి కాలపు తిరుమలదేవరాయలకు. ఒక శతాబ్దంలోని కవులందరినీ స్మృతి ఒకే కొలువులో కూర్చోబెట్టింది.

రెండోది ఇంతకంటె ముఖ్యం. అదే సందర్భంలో, మనం కంఠస్థం చేసిన పద్యానికి పక్కనే, ఆంధ్రవిష్ణువు తనను తెలుగు రాయడినని చెప్పుకొని, ఎదుటనున్న రాజును కన్నడ రాయా అని పిలుస్తాడు. ఒకే పుటలో ఉన్న రెండు పద్యాలలో ఒకటి జాతి మొత్తానికి నోటికి వచ్చింది. రెండోది ప్రత్యేకంగా చదువుకున్నవారికి తప్ప తెలియదు. దాన్ని ఎవరూ నిషేధించలేదు, దాచిపెట్టలేదు. మనకు అవసరం లేకపోయింది, అంతే. మరపు ఇలా పనిచేస్తుందని చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం మన సాహిత్యంలో దొరకడం కష్టం.

అయితే కన్నడ మిత్రులు ఈ సంబోధనను చూపి ‘ఆయన కన్నడిగుడని మీ దేవుడే చెప్పాడు గదా’ అంటే దాన్నీ ఒప్పుకోలేం. విజయనగర రాజ్యానికి ఆనాటి పేరు కర్ణాట రాజ్యం. కన్నడ రాయడంటే ఆ రాజ్యానికి ప్రభువు అని అర్థం. కన్నడం మాతృభాషగా గలవాడని కాదు. అలాగే తెలుగు రాయడంటే తెలుగు దేశానికి అధిదేవత. పద్యంలోని మాట ‘దేశభాష’. అంటే దేశానికి భాష ఉంది. మనిషికి జాతి గుర్తుగా మాతృభాష అనే భావం అప్పటికి ఏర్పడలేదు. తెలుగులో ఆ భావం 19వ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి ఎలా రూపుదిద్దుకుందో లీసా మిచెల్ 2009లో వెలువడిన తన గ్రంథంలో వివరంగా చూపించారు. కాబట్టి రాయలు తెలుగువాడా, కన్నడిగుడా అన్న ప్రశ్నకు జవాబు దొరకకపోవడానికి కారణం ఆధారాల కొరత కాదు. ఆ ప్రశ్న 16వ శతాబ్దిది కాదు, మన శతాబ్దాలది.

ప్రశ్న ఎప్పుడు పుట్టింది?

స్మృతికీ ఒక చరిత్ర ఉంటుంది. దాన్ని తారీఖుల వారీగా పేర్చుకోవడం పరిశోధనలో తొలి మెట్టు. రాయల స్మృతి విషయంలో మొదటి పొర రాయవాచకం. రాయల కొలువులోని స్థానాపతి విన్నవించినట్లుగా సాగే ఈ వచన గ్రంథాన్ని చాలాకాలం రాయల సమకాలీన రచనగా భావించారు. ఇది నిజానికి సుమారు 1600 ప్రాంతంలో మధుర నాయకుల ఆస్థానంలో పుట్టిందని ఫిలిప్ వాగనర్ 1993లో ప్రతిపాదించాడు. అప్పటికి 1565 యుద్ధం జరిగిపోయింది, హంపీ పాడుబడింది. మధుర పాలకులకు తమ అధికారం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకోవలసిన అవసరం ఉంది. రాయల వైభవాన్ని వర్ణించడం ఆ అవసరాన్ని తీర్చింది. చరిత్రను రాజకీయానికి వాడుకోవడం ఆధునికుల కనిపెట్టుడు కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఆధునిక పొర 1900లో మొదలవుతుంది. ఆ సంవత్సరం రాబర్ట్ సూయెల్ విజయనగరం మీద తన ప్రసిద్ధ గ్రంథం ప్రకటించి, దానికి ‘మరచిపోయిన సామ్రాజ్యం’ అని పేరు పెట్టాడు. ఎవరు మరిచారు? తెనాలి రామకృష్ణుడి కథలు చెప్పుకునే ఇళ్ళలో రాయలను మరిచింది లేదు. మరిచింది అచ్చయిన చరిత్ర. తెలుగులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి 1910లో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగాన్ని వెలువరించింది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. కన్నడంలో ఆలూరు వెంకటరావు ‘కర్ణాటక గతవైభవ’ 1917లో వచ్చింది. రెండు పుస్తకాల పేర్లలోనూ ఉన్నది రాజవంశం కాదు, జాతి. రెండు ఉద్యమాలకూ కావలసింది మద్రాసు, బొంబాయి, మైసూరు, నిజాం పాలనలో చెదిరి ఉన్న తమ భాషవారిని ఒక్కటి చేయగల ఉమ్మడి గతం. విజయనగరం ఇద్దరికీ ఆ గతమే అయింది.

1936లో విజయనగర స్థాపనకు ఆరు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా ధార్వాడ నుంచి ఒక పెద్ద సంచిక వెలువడింది. హరిహర బుక్కరాయలు కాకతీయుల నుంచి వచ్చిన తెలుగువారా, హొయ్సళుల నుంచి వచ్చిన కన్నడిగులా అన్న వాదం ఆ దశాబ్దాల్లో ముమ్మరంగా సాగింది. నేలటూరి వెంకటరమణయ్య ఒకవైపు, ఫాదర్ హెరాస్, బి.ఎ.సాలెతూర్ మరొకవైపు నిలిచారు. వీరందరి శాసన పాండిత్యం ప్రశ్నించరానిది. వారి గ్రంథాల వల్లనే మనకు ఈనాడు ఇన్ని ఆధారాలు తెలిశాయి. అయినా వారి ప్రశ్నకు ఇరుసు మాత్రం భాషారాష్ట్రోద్యమం. పండితుడు నిజాయితీగా పనిచేసినా అతని ప్రశ్నను అతని కాలమే ఇస్తుందని ఇందువల్ల గ్రహించాలి. ఇది మనకూ వర్తిస్తుంది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. హంపీ ఉన్న హోస్పేట తాలూకా మైసూరుకు వెళ్ళింది. కృష్ణదేవరాయల రాజధాని ఒక రాష్ట్రంలోను, ఆయన పేరు పెట్టుకున్న రాయలసీమ మరొక రాష్ట్రంలోను ఉండిపోయాయి.

పేరు పెట్టడం

రాయలసీమ అనే పేరు దగ్గర కొంచెం ఆగాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. అప్పటినుంచి వాటికి దత్తమండలాలు అని పేరు. ఇచ్చినవాడు ఒకడు, పుచ్చుకున్నవాడు ఇంకొకడు. అక్కడి జనానికి మాత్రం ‘ఇవ్వబడినవారు’ అన్న గుర్తింపు మిగిలింది. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించారు. ఆయన స్వయంగా భాషాచరిత్రకారుడు. పేరు మారితే జనం తమను చూసుకునే తీరు మారుతుందని ఆయనకు తెలుసు. చరిత్రను రాజకీయంగా వాడుకోవడం ఎప్పుడూ తప్పుడు పనే అని భావించేవారు ఈ ఉదాహరణను మరవకూడదు. అవమానకరమైన ఒక మాటను తొలగించడానికి ఇక్కడ గతం సాయపడింది.

దీనికి జోడీ అనదగిన పేరు కర్ణాటకలో 2019లో వచ్చింది. ఒకప్పటి నిజాం రాజ్యంలోని కన్నడ జిల్లాలను హైదరాబాదు కర్ణాటక అనేవారు. ఆ సంవత్సరం ప్రభుత్వం దాన్ని కల్యాణ కర్ణాటక చేసింది. నిజాం రాజధాని పోయి బసవన్న కార్యక్షేత్రం వచ్చింది. 2021లో బళ్ళారి నుంచి విడదీసిన కొత్త జిల్లాకు విజయనగర అని పేరు పెట్టారు.

పేరు ఒక్కొక్కసారి తీర్పుగా మారుతుంది. 1948 సెప్టెంబరు 17ను తీసుకోండి. నిజాం సేనల ప్రతిఘటన ముగిసి హైదరాబాదు రాజ్యం భారత ప్రభుత్వం అధీనంలోకి వచ్చిన రోజు అది. తెలంగాణలో దాన్ని విమోచన అనేవారున్నారు, విలీనం అనేవారున్నారు, విద్రోహం అనేవారూ ఉన్నారు. 2022లో కేంద్రప్రభుత్వం దాన్ని విముక్తి దినంగా, రాష్ట్రప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా ఒకే నగరంలో వేర్వేరు వేదికల మీద జరిపాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. తారీఖు ఒకటే. పేరు మాత్రం కథలో నాయకుడు ఎవరో, ప్రతినాయకుడు ఎవరో నిర్ణయిస్తుంది. విమోచన అంటే అంతకుముందున్నది చెర. విలీనం అంటే రెండు రాజ్యాల కలయిక. విద్రోహం అంటే 1946 నుంచి దొరలమీద, నిజాంమీద సాయుధంగా పోరాడుతున్న రైతుల మీదికే తరవాత సైన్యం తిరిగిందన్న సంగతి ముందుకు వస్తుంది. ఆ సందర్భంలో ముస్లిములపై జరిగిన హింస గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల తరబడి బయటకు రాలేదు. పైన చెప్పిన పేర్లలో ఏదీ ఆ హింసను తాకదు. ఏ పేరులోనూ ఇమడనిది ఏదో వెతకడం స్మృతి పరిశోధకుడికి అలవాటు కావాలి.

విజయనగరం విషయంలోనూ అలా ఇమడక మిగిలినవి ఉన్నాయి. ఆ సామ్రాజ్యాన్ని ముస్లిం రాజ్యాలకు అడ్డుగోడగా మాత్రమే చూపే కథనం సూయెల్ కాలం నుంచి బలంగా ఉంది. అక్కడి రాజులే తమ బిరుదుల్లో ‘హిందూరాయ సురత్రాణ’ అని వేసుకున్నారు. సురత్రాణ అన్నది సుల్తాన్ శబ్దానికి సంస్కృత వేషం. రాయలకు ‘యవనరాజ్య స్థాపనాచార్య’ అనే బిరుదు ఉంది. ఇవి శాసనాల్లో ఉన్నాయి, ఉపన్యాసాల్లో ఉండవు. బెంగళూరు విషయానికి వస్తే, 1537లో ఈ నగరానికి కోట కట్టించిన కెంపేగౌడ స్మృతి నానాటికీ పెరుగుతున్నది. విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. 2022 నవంబరులో అక్కడ 108 అడుగుల విగ్రహం వెలిసింది. ఆయన వంశపు పాలకుని పేర గంగాగౌరీవిలాసమనే తెలుగు యక్షగానం ఉన్న సంగతి ఆ విగ్రహ పీఠం దగ్గర వినిపించదు.

పరిశోధకులకు కొన్ని సూచనలు

ఈ చివరి వాక్యం చదవగానే, ‘చూశారా, బెంగళూరు మనదే’ అని మనసులో ఒక గర్వం కదిలిందా? కదిలితే దాన్నే పట్టుకోండి. మీ పరిశోధన అక్కడే మొదలవుతుంది. గతాన్ని రాజకీయంగా వాడుకోవడంలో తరచు కనిపించే పద్ధతి దాన్ని పట్టా కాగితంగా మార్చడం. మా రాజు ఏలాడు కాబట్టి నేల మాది. మీ తాత తరవాత వచ్చాడు కాబట్టి మీరు పరాయివారు. కర్ణాటకలోని తెలుగువారిని బయటివారనే వాదమూ, ఇదంతా ఒకప్పుడు తెలుగుదేశమే అనే వాదమూ ఒకే గుడ్డలోంచి చింపిన రెండు ముక్కలు. కోలారు, బెంగళూరు గ్రామసీమల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న కుటుంబాలకు ఈ నేల మీద ఉన్న హక్కు రాయల వల్ల రాలేదు, కెంపేగౌడ వల్లా రాలేదు. వారు ఇక్కడ బతుకుతున్నారు, రాజ్యాంగం వారిని పౌరులంటున్నది. హక్కులకు అది చాలు. గతాన్ని పట్టాగా వాడటం మానేస్తే దాన్ని తీరికగా, భయం లేకుండా చదువుకోవచ్చు.

అలా చదివినప్పుడు ఎంతటి సంపద కనిపిస్తుందో చూడండి. కన్నడ ఆదికవి పంపడు నేటి తెలంగాణలోని వేములవాడ చాళుక్యుల ఆశ్రయంలో రాశాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ ప్రాంతపు కురిక్యాల దగ్గర వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. అందులోని తెలుగు కందాలు మన పద్యానికి ఉన్న తొలి ఆధారాల్లో ముఖ్యమైనవి. 2008 అక్టోబరు 31న తెలుగు, కన్నడ భాషలకు ఒకేరోజు ప్రాచీన హోదా ప్రకటించారు. రెండు వైపులా తమ తమ తొలి శాసనాలను, హల్మిడిని, కలమళ్ళను, ఎత్తి చూపారు. ఉమ్మడిగా చూపదగిన కురిక్యాలను ఉమ్మడిగా చూపినవారు అరుదు.

పద్ధతి విషయంలో నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఒక స్మృతిని ఎంచుకున్నాక, ముందు జరిగినదానికి ఉన్న ఆధారాలను విడిగా రాసుకోండి. రెండోది, ఆ స్మృతి మొదట ఎప్పుడు, ఎవరి చేత, ఎవరి కోసం చెప్పబడిందో తారీఖులతో పేర్చండి. మూడోది, అందులోని పదాలను పట్టి చూడండి: దేశం, రాయడు, జాతి, విమోచన వంటి మాటలకు ఆనాటి అర్థమేదో, ఈనాటి అర్థమేదో వేరుచేయండి. చరిత్ర అనే మాటే ఒకప్పుడు వసుచరిత్రలోలాగా కథ అనే అర్థంలో ఉండేది. నాలుగోది, ఈ స్మృతిలో ఏమి లేదో అడగండి. ఈ పనికి రెండు భాషలు వచ్చి ఉండటం గొప్ప సౌకర్యం. హైదరాబాదులోనో విజయవాడలోనో చదివే విద్యార్థికి ఒక పాఠ్యపుస్తకమే అందుబాటులో ఉంటుంది. మీకు రెండు అందుతాయి. ఒకే రాజును గురించిన పాఠం రెండు పుస్తకాల్లోనూ చదివి, తేడాలను పక్కపక్కన రాసుకోవడం మొదటి నెలలోనే చేయవచ్చు.

ఆధారాల కోసం దూరం పోనవసరం లేదు. 1799 తరవాత మైసూరు సర్వే జరిపిన కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకటబొర్రయ్య, ఆయన సోదరులు ఊరూరా సేకరించిన కైఫీయత్తుల సంప్రదాయం మనకు ఉంది. ఊరివాళ్ళు తమ ఊరి గురించి ఏమనుకున్నారో వాటిలో ఉంది. కథ, లెక్క, వంశావళి, ఫిర్యాదు అన్నీ కలిసి ఉంటాయి. చరిత్రకారుడు వాటిని జల్లెడ పట్టి కథను పారేస్తాడు. మీరు ఆ పారేసినదాన్ని ఏరుకోండి.

అయితే కైఫీయత్తులు భద్రంగా అల్మారాల్లో ఉన్నాయి, వచ్చే ఏడాదీ ఉంటాయి. పదిహేనేళ్ళ వయసులో 1948 సెప్టెంబరును కళ్ళారా చూసినవారికి ఇప్పుడు తొంభై దాటాయి. అస్మన్ చెప్పిన నోటిమాట గడువు వారి విషయంలో ముగింపుకు వచ్చింది. బీదరు, రాయచూరు, కలబురగి ప్రాంతాల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ మాట్లాడే అటువంటి వృద్ధులు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. ఆ రోజును వారు ఏ మాటతో పిలుస్తారో, మీరు ఏ మాటా అందించకుండా, అడిగి రాసుకోండి. పరిశోధన ప్రణాళిక ఆమోదం పొందేదాకా ఆ పని ఆపవద్దు.